తెలుగు పుటను కూర్చడం నేర్పే తెలుగు పుస్తకం కావాలి

మాన్య సంపాదకులకు,

నమస్కారములు.

రెండు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో గ్రాఫిక్ డిజైన్ చదువుల గురించి వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. లక్షల రూపాయల ఫీజు కట్టి పెద్ద కళాశాలలో చేరగలిగినవారికే ఈ విద్య అబ్బుతుందన్న అభిప్రాయం ఆ వ్యాసం చదివిన తల్లిదండ్రులకు కలిగే ప్రమాదం ఉంది. నేను ఏ డిజైన్ కళాశాలలోనూ చదవలేదు. మాది చెన్నైలో మూడు తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం. 18 ఏళ్లుగా ఇక్కడి ముద్రణాలయాల్లో మొదట కంప్యూటరులో అక్షరాలు కూర్చే డి.టి.పి. ఆపరేటరుగా, ఆ తరువాత పుస్తకాల పుటలు కూర్చే మనిషిగా పనిచేస్తున్నాను. నాకు వచ్చిన కొద్దిపాటి విద్య గ్రంథాలయాల్లో చదివిన పుస్తకాల నుంచి, రాత్రిపూట ఇంట్లో చేసిన సాధన నుంచి వచ్చింది. అలాంటి దారి ఒకటి ఉందని చెప్పడం నా బాధ్యత. అయితే ఆ దారిలో తెలుగువారు వచ్చి ఆగిపోయే చోటు ఒకటి ఉంది. అక్షరాలను పుట మీద ఎలా పేర్చాలో తెలుగు లిపిని దృష్టిలో పెట్టుకుని, తెలుగులో, అభ్యాసాలతో సహా నేర్పే పుస్తకం ఇన్నేళ్లలో నా చేతికి ఒక్కటీ అందలేదు. ఈ ఉత్తరం ముఖ్యంగా దాని గురించే.

పదేళ్ల కిందట నేను జార్జ్ టౌన్‌లో పెళ్లి శుభలేఖలు అచ్చువేసే ఒక చిన్న ముద్రణాలయంలో ఉన్నాను. కొరుక్కుపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన కూతురి పెళ్లికి 500 కార్డులు వేయించుకున్నారు. నా కంప్యూటరు తెర మీద అక్షరాలన్నీ సక్రమంగా ఉన్నాయి, ప్రూఫును ఆయనే కళ్లజోడు పెట్టుకుని చదివి సంతకం చేశారు. అచ్చుకు వాడే లోహపు ప్లేటు తయారుచేసే చోట ఆ ఫైలును వేరే కంప్యూటరులో తెరిచారు. ఆ కంప్యూటరులోని సాఫ్ట్‌వేరు తెలుగు ఒత్తులను కలిపే అమరికలో లేదు. దానితో కార్డు పైభాగాన ఉండవలసిన ‘శ్రీరస్తు’ అన్న మాటలో శకారం పొల్లుతో ఒకచోట, దాని పక్కన ‘రీ’ మరొకచోట విడివిడిగా పడ్డాయి. సకారం కింద ఉండవలసిన తవత్తు పూర్తి అక్షరమై పక్కకు వచ్చింది. అచ్చు యంత్రం దగ్గర ఉన్నవారికి తెలుగు చదవడం రాదు, కాబట్టి ఎవరూ ఆపలేదు. కట్ట విప్పి చూసిన ఆ పెద్దాయన కోప్పడలేదు. ‘‘మొదటి అక్షరమే విరిగిందమ్మా, దీన్ని ఎవరి చేతిలో పెట్టను?’’ అని మాత్రం అన్నారు. మేము కార్డులన్నీ మళ్లీ వేసి ఇచ్చాం. ఆయన మాట మాత్రం నన్ను చాలాకాలం వదలలేదు. తెర మీద సరిగా కనబడితే కాగితం మీదా సరిగానే వస్తుందని నమ్మినదాన్ని నేనే. అక్షరం లోపల ఏం జరుగుతుందో నాకు తెలియదని ఆ రోజు తెలిసింది.

ఆ నెలలోనే పుస్తకాలు వెతకడం మొదలుపెట్టాను. చెన్నైలో ఉండేవారికి ఈ విషయంలో అదృష్టం ఉంది. ఎగ్మోరులోని కన్నెమరా గ్రంథాలయాన్ని 1896లో తెరిచారు. దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు చట్టప్రకారం చేరవలసిన నాలుగు గ్రంథాలయాల్లో అది ఒకటి. 2010లో కోట్టూరుపురంలో అన్నా శతజయంతి గ్రంథాలయం వచ్చింది. ట్రిప్లికేన్‌లో పాత పుస్తకాలు పేవ్‌మెంటు మీద పరిచి అమ్మే వీధి ఉండనే ఉంది. ఆదివారాలు ఈ మూడు చోట్లా తిరుగుతూ నాకు దొరికినవన్నీ ఇంగ్లీషు పుస్తకాలే. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు నాలుగు పుటల చొప్పున చదివాను. ఇలా నెమ్మదిగా చదవడం వల్ల నాకు మేలే జరిగింది. చదివిన ప్రతి సూత్రాన్నీ మరునాడు పనిలో పరీక్షించి చూసుకునే వ్యవధి దొరికింది.

రెండు నెలలు డబ్బు కూడబెట్టి కొన్న మొదటి పుస్తకం కెనడా కవి రాబర్ట్ బ్రింగ్‌హర్స్ట్ 1992లో ప్రచురించిన టైపోగ్రఫీ (అచ్చక్షరాలను అమర్చే విద్య) గ్రంథం. ఒంటి కాలమ్ పుటలో పంక్తికి 45 నుంచి 75 వరకు అక్షరాలు, మధ్యనున్న ఖాళీలను కూడా కలిపి లెక్కిస్తే, చదవడానికి అనువుగా ఉంటాయని, 66 అయితే ఆదర్శమని ఆయన రాశారు. ఈ లెక్క చదివి, మరునాడే ఒక తెలుగు కథల సంపుటిని 66 అక్షరాల పంక్తితో కూర్చి చూశాను. పుట అడ్డంగా పెరిగిపోయింది. కన్ను పంక్తి చివరికి వెళ్లి తరువాతి పంక్తి మొదలు వెతుక్కోవలసి వచ్చింది. అసలు తెలుగులో దేన్ని లెక్కపెట్టాలన్న ప్రశ్నకే నా దగ్గర జవాబు లేదు. ‘స్త్రీ’ అన్నది కంటికి ఒక్క అక్షరం. కంప్యూటరు దాన్ని సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, దీర్ఘమైన గుడి అని ఆరు సంకేతాలుగా దాచుకుంటుంది. రోమన్ లిపి కోసం చెప్పిన సంఖ్య ఈ రెండింటిలో దేనికీ వర్తించదు. చివరికి కంటికి కనబడే అక్షరాన్నే ప్రమాణంగా తీసుకుని, ఇంట్లో ఉన్న తెలుగు పుస్తకాల్లో అలుపు లేకుండా చదివించినవాటిని ఏరి, ఒక్కొక్కదానిలో పది పంక్తులు లెక్కపెట్టాను. నేను కొలిచినంతలో పంక్తికి 30 నుంచి 38 అక్షరాలు ఉన్న పుటలే హాయిగా ఉన్నాయి. ఇది నా ఒక్కదాని కొలత. దీన్ని సరిచూసేవారు, సవరించేవారు ఉంటే ఎంత బాగుండునో అని ఇప్పటికీ అనుకుంటాను.

పంక్తుల మధ్య ఎడం సంగతి ఇంకా ముఖ్యమైనది. పుటలు కూర్చే సాఫ్ట్‌వేరు, మనం ఏమీ చెప్పకపోతే, అక్షరం పరిమాణానికి 120 శాతం ఎడం ఇస్తుంది. 10 పాయింట్ల (పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు) అక్షరానికి, ఒక పంక్తి పాదం నుంచి తరువాతి పంక్తి పాదం దాకా 12 పాయింట్లన్నమాట. రోమన్ లిపికి అది సరిపోతుంది. మన లిపికి పైన తలకట్టు, గుడి, ఏత్వం ఉన్నాయి, కింద ఒత్తు, ఒక్కొక్కప్పుడు ఒత్తు కింద మరో ఒత్తు ఉన్నాయి. ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ వంటి మాట ఉన్న పంక్తి కింద గుడిదీర్ఘాలున్న పంక్తి వస్తే రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. చెన్నైలో పనిచేయడం వల్ల ఈ తేడా నాకు ప్రతిరోజూ కళ్ల ముందే ఉండేది. శుభలేఖలో ఒక పుట తమిళం, ఎదుటి పుట తెలుగు ఉండడం ఇక్కడ మామూలే. తమిళంలో ఒత్తులు లేవు, హల్లు మీద చుక్క పెడితే పొల్లు అయిపోతుంది. అందువల్ల తమిళ పంక్తులను దగ్గరగా జరపవచ్చు. అదే విషయాన్ని చెప్పడానికి తమిళం అడ్డంగా ఎక్కువ చోటు తీసుకునేది, తెలుగు నిలువుగా ఎక్కువ చోటు అడిగేది. రెండు పుటలకూ ఒకే కొలత పెట్టమని యజమానులు చెప్పేవారు. అలా పెడితే తెలుగు పుట ఊపిరాడనట్టు కనిపించేది. 12 పాయింట్ల తెలుగు అక్షరానికి 18 పాయింట్లకు తగ్గకుండా ఎడం ఇవ్వడం నాకు నేనుగా పెట్టుకున్న నియమం. పైగా ఒక ఫాంటులో 12 పాయింట్ల అక్షరం మరో ఫాంటులో 12 పాయింట్ల అక్షరం కంటే చిన్నదిగానో పెద్దదిగానో ఉంటుంది కాబట్టి, అంకెను నమ్మకుండా అచ్చు తీసి చూసుకోవడమే మార్గం.

ఇక్కడ నేను ఇంగ్లీషు పుస్తకాలను తప్పుపట్టడం లేదు. వాటిలో నాకు అన్నిటికంటే ఎక్కువ ధైర్యం ఇచ్చినది 1906లో ఎడ్వర్డ్ జాన్‌స్టన్ రాసిన అక్షరలేఖన గ్రంథం. లండన్ భూగర్భ రైలు కోసం 1916లో అక్షరాలు రూపొందించినది ఆయనే. వెడల్పు మొన ఉన్న కలంతో రాసే పాత విద్య అప్పటికి ఇంగ్లండులో దాదాపుగా అంతరించిపోయింది. ఆయన బ్రిటిష్ మ్యూజియంలోని పాత రాతప్రతుల ముందు కూర్చుని, కలాన్ని ఏ కోణంలో పట్టుకుంటే గీత ఎక్కడ లావుగా, ఎక్కడ సన్నగా వస్తుందో తానే రాసి రాసి కనిపెట్టారు. ఆ తరువాత తాను తెలుసుకున్నదాన్ని అందరూ ఇంట్లో కూర్చుని చేయగలిగే అభ్యాసాలుగా రాసిపెట్టారు. పాఠంగా చూస్తే ఆ పుస్తకంలోని కలం కోణాలు తెలుగుకు నేరుగా పనికిరావు. మన లిపి తాటాకు మీద గంటంతో గీసిన లిపి, గంటానికి లావు సన్నాలు లేవు. కానీ గురువు లేనప్పుడు పాత పుటనే గురువుగా చేసుకోవచ్చని, తెలిసినదాన్ని తరువాతివారి కోసం రాసిపెట్టాలని ఆయన నుంచి నేర్చుకున్నాను. తెలుగులో ఈ రెండో పని జరగలేదన్నదే నా బాధ.

సాధన ఎలా చేశానో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే పల్లెలో ఉన్న విద్యార్థి కూడా దీన్ని చేయగలడు. ఒక ఉక్కు స్కేలు, ట్రేసింగ్ కాగితం, పెన్సిలు ఉంటే చాలు. బాగుందనిపించిన ఒక పాత తెలుగు పుటను తీసుకుంటాను. నాలుగు వైపులా మార్జిన్లు, పంక్తి పొడవు, ఒక పంక్తి పాదం నుంచి తరువాతి పంక్తి పాదం దాకా ఉన్న దూరం కొలిచి, అంగుళానికి 72 పాయింట్ల లెక్కన మార్చి నోటుపుస్తకంలో రాసుకుంటాను. ఆ తరువాత అదే విషయాన్ని కంప్యూటరులో కొత్తగా కూర్చి, అచ్చు తీసి, రెండు కాగితాలనూ కిటికీ అద్దానికి ఆనించి ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తాను. నా పుట ఎక్కడ బరువుగా ఉందో, ఎక్కడ చిల్లులు పడినట్టుందో అప్పుడు తెలుస్తుంది. వారానికి ఒక పుట. మొదటి ఏడాది నేను చేసినవాటిలో ఒక్కటి కూడా మూలానికి దగ్గరగా రాలేదు. పెద్ద పొరపాట్ల కంటే చిన్న పొరపాట్లే ఎక్కువ నేర్పాయి. ‘చంద్రగ్రహణం’ అని కూర్చినప్పుడు పక్కపక్కనే వచ్చిన రెండు క్రావడులు (రకారపు ఒత్తులు) ఒకదానికొకటి తగలకుండా ఉండాలంటే అక్షరాల మధ్య ఎంత జరపాలో, అలా జరిపితే పైన తలకట్ల మధ్య ఎంత సందు పడుతుందో ఆ ఒక్క మాటతో ఒక ఆదివారమంతా కూర్చుని తెలుసుకున్నాను. ‘ద’కూ ‘ధ’కూ, ‘ప’కూ ‘ఫ’కూ తేడా చూపేది కింద ఉండే ఒక చిన్న గీత. అక్షరం చిన్నదై, లావుదై, వార్తాపత్రిక కాగితం మీద సిరా కొద్దిగా పీల్చుకుంటే ఆ గీత కలిసిపోయి ‘ధనం’ ‘దనం’ అవుతుంది. చిన్న పరిమాణంలో బోల్డు వాడవద్దన్న నియమం నేను ఏ పుస్తకంలోనూ చదివి పెట్టుకున్నది కాదు, అలా చెడిపోయిన కరపత్రం చూసి పెట్టుకున్నాను.

స్విట్జర్లాండుకు చెందిన జోసెఫ్ ముల్లర్ బ్రాక్‌మన్ 1981లో రాసిన గ్రిడ్ పుస్తకం కూడా చదివాను. పుటను గడులుగా విభజించి బొమ్మలను, పాఠాన్ని ఆ గడుల్లో అమర్చే పద్ధతి తెలుగుకు చక్కగా ఒప్పుతుంది. ఒక్క చిన్న సవరణ చేసుకున్నాను. పాఠం పక్కన బొమ్మ పెట్టినప్పుడు దాని పై అంచును మొదటి పంక్తిలోని తలకట్ల ఎత్తుకు కలిపితే పుట నిలకడగా కనిపిస్తుంది.

తెలుగు అచ్చు విద్యకు చెన్నపట్నం పుట్టినిల్లు కాకపోయినా పెరిగిన ఇల్లు. తెలుగు అచ్చు పుస్తకాలు మొదట 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలేలో వచ్చాయి, వాటి వెనుక ఉన్నది బెంజమిన్ షుల్జ్ అనే మతబోధకుడు. కానీ 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం అచ్చయినది ఇక్కడి ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాల ముద్రణాలయంలో. బ్రౌను దొర 1829లో వేమన పద్యాలు వెలువరించినది, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చినది ఇక్కడి నుంచే. వావిళ్లవారి గ్రంథాలు ఇక్కడివి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించిన ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికగా మారింది ఈ ఊళ్లోనే. 1924లో భారతి మాసపత్రిక ఇక్కడే పుట్టింది. 1947 జూలైలో చందమామ మొదలైంది. నాకు మా నాన్నగారు అక్షరాలు నేర్పినది చందమామ పుటల మీద వేలు పెట్టించే. బడిలో తమిళం, ఇంగ్లీషు చదివిన నాకు తెలుగు వచ్చిందంటే ఆ పుటల్లోని అక్షరాలు అంత విశాలంగా, అంత స్పష్టంగా ఉండడం ఒక కారణమని ఇప్పుడు అర్థమవుతోంది. బాపుగారు కూడా తన జీవితంలో ఎక్కువ భాగం గడిపినది చెన్నైలోనే. ఆయన పుస్తకాల అట్టల మీద చేత్తో రాసిన అక్షరాలు ఈరోజు ఫాంటుగా దొరుకుతున్నాయి. ఆ ఫాంటును శుభలేఖ నుంచి హోటలు బోర్డు దాకా అన్నిచోట్లా చూసినప్పుడు నాకు సంతోషం వేస్తుంది. అయితే ఆయన ప్రతి అట్టకూ, అక్కడున్న బొమ్మనుబట్టి, అక్షరాలను కొత్తగా రాసేవారన్న సంగతి ఆ ఫాంటు వాడే పిల్లలకు ఎవరైనా చెప్పాలి.

ఇంతటి వారసత్వం ఉన్న ఊళ్లో, దాన్ని తయారుచేసిన చేతులకు తెలిసిన విద్య కాగితం మీదికి రాలేదు. సీసపు అక్షరాలు పేర్చిన కంపోజిటర్లకు ఏ ఒత్తు ఏ అక్షరం కింద ఎంత జరగాలో వేళ్లకు తెలుసు. తెలుగు కేసుల్లో, అంటే అక్షరాలు ఉంచే గడుల పెట్టెల్లో, వందలాది అక్షరాల దిమ్మెలు ఉండేవి, ఏ గడిలో ఏముందో చూడకుండానే తీసి పేర్చేవారు. అటువంటి ఒక పెద్దాయన పక్కన కూర్చుని ఆరు నెలలు ప్రూఫులు దిద్దే అవకాశం నాకు కలిగింది. పంక్తి చివర మాటను విరవవలసి వస్తే ఎక్కడ విరవాలో, ఒత్తును దాని అక్షరం నుంచి ఎందుకు విడదీయకూడదో, పద్యపాదం కింద ప్రతిపదార్థం మొదలయ్యే ముందు ఎంత ఎడం వదలాలో ఆయన చెప్పగా విన్నాను. ఆయన ఇప్పుడు లేరు. నేను రాసుకున్నది పదిహేను పుటలే. మిగిలినది ఆయనతోనే పోయింది.

సంపాదకులవారూ, మీ పత్రిక గురించి కూడా ఒక మాట చెప్పనివ్వండి. నేను దాన్ని ప్రతిరోజూ చదువుతాను, అభిమానంతోనే ఈ మాట అంటున్నాను. ఎనిమిది కాలమ్‌ల పుటలో ఒక కాలమ్ వెడల్పు నాలుగు సెంటీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. అందులో పంక్తికి పదమూడు పద్నాలుగు అక్షరాలకు మించి పట్టవు. మన మాటలు పొడవైనవి, విభక్తులు, క్రియలు కలిసిపోయి ఒక్కో మాట పది అక్షరాలు దాటుతుంది. అటువంటి మాట పంక్తి చివర పట్టక కిందికి దిగితే, పైన మిగిలిన రెండు చిన్న మాటలను ఈ అంచు నుంచి ఆ అంచుకు లాగవలసి వస్తుంది. కొన్ని రోజులు లోపలి పుటల్లో ఆ ఖాళీలు పై పంక్తి నుంచి కింది పంక్తికి కాలువలా పారుతూ కనిపిస్తాయి. పాత పత్రికల్లో మాటను అక్షరం దగ్గర విరిచి చిన్న అడ్డగీత పెట్టేవారు. ఆ పద్ధతిని తిరిగి తెచ్చుకోవచ్చు, లేదా కుడి అంచును సమానం చేయకుండా వదిలివేయవచ్చు. ఏది మేలో మీ డెస్కులోని పుట రూపకర్తలు రోజూ చూస్తూనే ఉంటారు. వారికి తెలిసినది బయటివారికి తెలిసే మార్గం లేదు.

సాంకేతికంగా చూస్తే ఇప్పుడున్నంత అనుకూలమైన కాలం మునుపెన్నడూ లేదు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఒకే తీరు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటు ఉంది. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర ద్వారా వచ్చిన మండలి, రామభద్ర, సురవరం, గిడుగు వంటి ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఇంక్‌స్కేప్, స్క్రైబస్ వంటి సాఫ్ట్‌వేర్లకు కూడా డబ్బు కట్టనక్కరలేదు. అయినా చాలా ముద్రణాలయాలు నేటికీ పాత పద్ధతి ఫాంట్లతో, 2001 తరువాత కొత్త రూపం రాని, పుటలు కూర్చే పాత సాఫ్ట్‌వేరు పేజ్‌మేకర్‌తో పని సాగిస్తున్నాయి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాల బొమ్మలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచారు, కాబట్టి ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. అందులో కూర్చిన పుస్తకంలో ఒక మాట వెతకాలన్నా సాధ్యం కాదు. వారిని నేను నిందించను, ఎందుకంటే కొత్త పద్ధతికి మారేటప్పుడు ఎదురయ్యే చిక్కులను తెలుగులో వివరించేవారు లేరు. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు టకారం పొల్లు తరువాత కంటికి కనబడని ఒక సంకేతం పెట్టకపోతే వకారం ఒత్తుగా మారి కిందికి దిగిపోతుంది. పుటలు కూర్చే సాఫ్ట్‌వేరులో భారతీయ లిపులను కలిపే అమరికను ముందుగా ఎంచుకోకపోతే, నా శుభలేఖకు పట్టిన గతే పడుతుంది. ఫైలును ప్లేటుకు పంపేముందు అక్షరాలను గీతలుగా మార్చడమో, ఫాంట్లను లోపలే పొదిగిన పీడీఎఫ్ ఇవ్వడమో చేయాలి. ఈ మూడు సంగతులు ఎవరైనా ఒక పుట కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చి ఉంటే ఆ 500 కార్డులు చెత్తలోకి పోయేవి కావు.

ఒక పుట కాగితం అని ఊరికే అనడం లేదు. యాన్ చికోల్డ్ అనే జర్మన్ రూపకర్త 1947 నుంచి 1949 వరకు లండను సమీపంలోని పెంగ్విన్ సంస్థ పుస్తకాల రూపాన్ని చక్కదిద్దారు. అక్కడ ఆయన చేసిన ముఖ్యమైన పనుల్లో ఒకటి, విరామచిహ్నాల ముందూ వెనుకా ఎంత ఖాళీ ఉండాలి, పేరా మొదలు ఎంత జరగాలి, అంకెలు ఎలా వేయాలి వంటి నియమాలను కొద్ది పుటల్లో రాసి కంపోజిటర్లందరికీ పంచడం. లక్షల ప్రతులు అమ్ముడయ్యే చవక పుస్తకాలకు కూడా అందమైన పుట దక్కింది. తెలుగుకు అటువంటి నియమావళి కావాలి. మన లిపికి చేయగలిగినది ఎంత ఉందో చూడాలంటే 2015లో మూర్తి క్లాసికల్ లైబ్రరీ అనే గ్రంథమాల మొదటి సంపుటాల్లో ఒకటిగా వచ్చిన పెద్దన మనుచరిత్రను ఒకసారి చేతిలోకి తీసుకోవాలి. ఎడమ పుటలో తెలుగు పద్యం, కుడి పుటలో ఇంగ్లీషు అనువాదం. ఆ గ్రంథమాల కోసం ఫియోనా రాస్, జాన్ హడ్సన్ కలిసి ప్రత్యేకంగా తెలుగు అక్షరాలు రూపొందించారు. ఒత్తులకు కావలసిన చోటు ఒత్తులకు ఇస్తూనే, ఎదుటి పుటతో తూకం తప్పకుండా పద్యం నిలబడింది. ఆ పుస్తకం కొనే స్తోమత నాకు లేకపోతే ఒక మిత్రురాలు నెలరోజులు అరువిచ్చింది. నేను దాన్ని చదివినదానికంటే కొలిచినదే ఎక్కువ.

అందువల్ల నా విన్నపం ఇది. మీ ఆదివారం అనుబంధంలో అరపుట కాకపోయినా ఒక కాలమ్, వారం వారం కాకపోతే నెలకొకసారి, తెలుగు పుటను కూర్చే విద్యకు కేటాయించండి. మీ పుట రూపకర్తలు, పాత కంపోజిటర్లు, ఫాంట్లు చేసేవారు తమకు తెలిసినదాన్ని ఒక్కొక్క అభ్యాసంగా అందులో రాయవచ్చు. ఒక వారం పంక్తి పొడవు, ఇంకో వారం ఒత్తుల ఎడం, మరో వారం పద్యాన్ని పుట మీద నిలపడం. పాఠకుడు స్కేలు పట్టుకుని అదే రోజు మీ పత్రిక మీదే కొలిచి చూసుకోగలగాలి. రెండేళ్లు ఇలా సాగితే ఆ వ్యాసాలే ఒక పుస్తకం అవుతాయి. చెన్నైలోని తెలుగు సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి ఎంతో శ్రద్ధగా సభలు చేస్తాయి. ఆ సభల ఆహ్వానపత్రాల్లో, సావనీర్లలో తెలుగు ఎలా ఉంటుందో చూసినప్పుడు నాకు కష్టంగా ఉంటుంది. అవే సంఘాలు తమ హాలును నెలలో ఒక ఆదివారం ఉదయం ఇస్తే, నేర్చుకోవాలనుకునే పదిమందితో కూర్చుని పాత పుటలు కొలిచి, కొత్త పుటలు కూర్చే పని నేను ఏ ప్రతిఫలమూ లేకుండా చేస్తాను. ఇక్కడి పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చు, రాయడం రాదు. అక్షరాన్ని గీసి, కొలిచి, పేర్చే పనిలో పడితే రాయడం దానంతటదే వస్తుందని నా సొంత అనుభవం వల్ల నమ్ముతున్నాను.

నా నోటుపుస్తకాల్లో ఇప్పటికి నాలుగు వందలకు పైగా తెలుగు పుటల కొలతలు ఉన్నాయి. మీరు కోరితే వాటి నకళ్లు పంపుతాను. మీ పాఠకులకు కూడా ఒక మనవి. మూతపడిన ముద్రణాలయాలు ఉన్న ఇళ్లలో, అక్షరాల ఫౌండ్రీలు తమ టైపుల నమూనాలు చూపుతూ అచ్చువేసిన పాత కేటలాగులు, చిరిగిన ప్రూఫులు, కంపోజిటర్లు రాసుకున్న చిన్న పుస్తకాలు అటకల మీద ఇంకా మిగిలే ఉంటాయి. దయచేసి వాటిని తూకానికి వేయకండి. మీ కార్యాలయానికి ఒక కార్డు ముక్క రాస్తే, చెన్నైలో అయినా, నెల్లూరు, తిరుపతి దాకా అయినా నేనే వచ్చి, అక్కడే కూర్చుని ఫోటోలు తీసుకుని, ఎవరివి వారికి తిరిగి అప్పగించి వెళతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై.